సారీ-బెల్ బడికి వెచ్చని మరుగుదొడ్డి

"ఊల్కన్, నిజం చెప్పు. ఆ డబ్బు నువ్వు తిన్నావా?"

అడిగింది జీపర్. పదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న జీపర్. ఇప్పుడు మాస్కోలో ఒక పెద్ద దుకాణంలో అరలు సర్దే పని చేస్తోంది. ఫోన్లో అడిగింది, గొంతు పెంచకుండా అడిగింది. కేకలేసి ఉంటే ఊల్కన్ కూడా నాలుగు కేకలేసి ఊరుకునేది. మెల్లగా అడిగేసరికి చేతిలోని తడిగుడ్డ బక్కెట్లో పడేసి, బడి వరండాలో కిటికీ గట్టు మీద కూలబడింది.

"ఏ డబ్బే?" అంది, తెలిసే.

"ఏ డబ్బేమిటే! మా ముప్ఫై మందిదీ. మూడు లక్షల సోములు. నీ కార్డులో పడి మూడు వారాలైంది. గ్రూపులో ఎవరడిగినా బ్యాంకు, బ్యాంకు అంటావు."

"బ్యాంకు ఆపేసిందే తల్లీ. ఎన్నిసార్లు చెప్పను?"

"మరి నాదెప్పుడూ ఆపలేదేం? పదేళ్ళ నుంచి నెలనెలా ఇంటికి పంపుతున్నా."

"నీదెందుకు ఆపలేదో నాకేం తెలుసు! నువ్వు అందంగా ఉంటావని కాబోలు."

జీపర్ నవ్వలేదు. "గ్రూపులో మన ఎస్తెబెస్ ఏమీ అనడం లేదే. వాడు నోరు మూసుకున్నాడంటేనే నాకు భయం. అందుకే అడిగా. నేను కాకపోతే నిన్ను మొహమ్మీద ఇంకెవరు అడుగుతారు?"

ఊల్కన్ ఫోన్ పెట్టేసింది. సగం తుడిచిన వరండా అలాగే ఉండిపోయింది. ఏడవడానికి కూడా లేదు, ఇంకో పది నిమిషాల్లో మూడో పిరియడ్ అయిపోతుంది.

ఆమెకు నలభై ఏడేళ్ళు. సారీ-బెల్‌లో, తాను చదువుకున్న బడిలోనే, నేలలు తుడుస్తుంది. జీతం తొమ్మిది వేల రెండు వందల సోములు. ఆ జీతం ఫలానా బ్యాంకు కార్డులోనే పడాలని రాజధాని బిష్కెక్‌లో ఎవరో నిర్ణయించారు కాబట్టి అందులోనే పడుతుంది. 1994 బ్యాచ్‌కు ఆమె క్లాస్ లీడర్. ఇక్కడ క్లాస్ లీడర్ అంటే బడితో ముగిసిపోయే పదవి కాదు, చచ్చేదాకా మొయ్యాల్సిందే. క్లాసులో ఎవరి పిల్లకి పెళ్ళయినా, ఎవరి తండ్రి పోయినా చందా పోగుచేసేది ఆమే. ముప్ఫై ఏళ్ళలో ఒక్క సోము తేడా వచ్చిందని ఎవరూ అనలేదు. తన జీవితంలో ఇతరులకు చూపించుకోదగ్గది ఏదైనా ఉందంటే ఊల్కన్‌కి అదొక్కటే.

కథ ఆగస్టులో మొదలైంది. బడి నుంచి బయటపడి ముప్ఫై ఏళ్ళు నిండిన బ్యాచ్ ఆ నెలలో ఊరికి తిరిగొస్తుంది. విందుకి గుర్రాన్ని కోస్తారు, బతికున్న టీచర్లకు ముఖమల్ కోట్లు తొడుగుతారు, డ్యాన్సులు చేస్తారు, చివర్న బడికో బహుమతి ఇస్తారు. దీన్ని పుట్టిన ఊరి మీద ప్రేమ అని ఉపన్యాసాల్లో చెబుతారు. కొంత ప్రేమే. మిగతాదంతా ముందటేడు బ్యాచ్ కన్నా తక్కువ కాకూడదన్న పంతం. 1991 వాళ్ళు ఫౌంటెన్ కట్టించారు. బళ్ళోకి నీళ్ళ గొట్టమే సరిగ్గా లేదు, ఫౌంటెన్లో నీళ్ళెక్కడివి? అందులో పిల్లలు పుస్తకాల సంచులు పెట్టుకుంటారు. 1992 వాళ్ళు గోడ గడియారం ఇచ్చారు. 1993 వాళ్ళు గేటు ముందు పాలరాయి రంగేసిన ఆర్చ్ కట్టి, దాని నెత్తిన తమ సంవత్సరం బంగారు అంకెల్లో చెక్కించుకున్నారు.

ఇన్ని ఉన్న బడికి లేనిది మరుగుదొడ్డి. ఉంది, కానీ ఆవరణ చివర, డెబ్భై అడుగుల దూరంలో, చెక్కలతో కట్టింది. జనవరిలో చలి సున్నాకి ముప్ఫై డిగ్రీలు కిందికి దిగుతుంది. పొద్దున్నే ఇనప కడ్డీతో దాని నేల మీద మంచు పగలగొట్టేది ఊల్కన్. పెద్ద క్లాసుల ఆడపిల్లలు మధ్యాహ్నం టీ తాగరని, రొట్టె మాత్రం తిని కప్పులు తిరగేసి పెడతారని ఆమెకు తెలుసు. నెలలో కొన్ని రోజులు బడికే రారనీ తెలుసు. ఇది ఏ రిపోర్టులోనూ లేదు.

ప్రభుత్వాన్ని అడగలేదా అంటే, అడిగారు. హెడ్మిస్ట్రెస్ కలీమా మేడమ్ ఆరేళ్ళలో తొమ్మిది ఉత్తరాలు రాసింది. పిల్లలు రెండు వందల పద్నాలుగు మంది, తలకింత అని వచ్చే డబ్బు జీతాలకీ బొగ్గుకీ సరిపోతుంది. జిల్లా విద్యాశాఖ వాళ్ళు 2027 ప్లాన్‌లో పెట్టామన్నారు. అంతకు ముందు జవాబులో 2023 అన్నారు. ఈలోగా ఆరోగ్య తనిఖీకి వచ్చిన వాళ్ళు లోపల మరుగుదొడ్డి లేని బడి నడపడం నేరమని జరిమానా వేశారు. ప్రభుత్వం బడి ప్రభుత్వానికి జరిమానా కట్టాలి. బడికి ఆ పద్దు లేదు కాబట్టి కలీమా మేడమ్ తన జీతంలోంచి కట్టింది.

అందుకని ఆగస్టు విందులో, 1994 బ్యాచ్ కూడా ఆర్చే కట్టాలని ఎస్తెబెస్ లేచి చెప్పినప్పుడు, ఊల్కన్ కూర్చునే జవాబిచ్చింది.

"ఆర్చ్ ఉందిగా."

"అది తొంభై మూడోళ్ళది. మనది ఇంకో మీటరు ఎత్తు. గేటుకి రెండో పక్క."

"ఎందుకురా, పిల్లలు దాని కింద నిలబడి పొయ్యడానికా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఎస్తెబెస్ నవ్వలేదు. వాడికి బిష్కెక్‌లో ఇళ్ళ సామాన్ల దుకాణం, రెండు లారీలు. బ్యాచ్ మొత్తంలో డబ్బున్నవాడు వాడొక్కడే, ఆ సంగతి అందరికన్నా ఎక్కువ వాడికే గుర్తు.

"దొడ్డి మీద మన బ్యాచ్ పేరు రాయించుకుందామంటావా?" అన్నాడు.

"రాయించుకో. రోజూ రెండు వందల మంది చదువుతారు. ఆర్చ్ మీద ఎవడు చదువుతున్నాడు?"

ఆ దెబ్బకి ఓటు మరుగుదొడ్డికే పడింది. బాయిలర్ గది పక్కన పాత ల్యాబ్ సామాన్లు పడేసిన గది ఒకటుంది. దాన్ని నాలుగు గదులుగా చేసి, బాయిలర్‌కి వచ్చే నీళ్ళ గొట్టాన్ని అందులోకి పొడిగించి, వెనక గొయ్యి తవ్వి వరలు దించితే సరిపోతుందని ఊరి ప్లంబర్ షర్షెన్ లెక్క చెప్పాడు. సామాన్లకి దాదాపు మూడు లక్షల పది వేలు. మనిషికి పది వేలు. గొయ్యి మాత్రం నవంబరు లోపల పడాలి. ఆ తర్వాత నేల గడ్డకడుతుంది, ఏప్రిల్ దాకా గునపం దిగదు.

ఇక డబ్బు. ఇక్కడే ఈ ఊరివాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు ఒకటి జరిగింది.

గ్రూపులో ఊల్కన్ వరుసగా ముప్ఫై ఒక్క పేర్లు పెట్టింది. పంపినవాళ్ళు తమ పేరు పక్కన గుర్తు పెట్టి జాబితాను మళ్ళీ అతికించాలి. పద్ధతేమిటంటే, అందరికన్నా పెద్దచెయ్యి ఉన్నవాడు ముందు పెట్టాలి. వాడి కన్నా ముందు పెడితే వాడిని చిన్నబుచ్చినట్టు. వాడు పెట్టాక ఆలస్యం చేస్తే మన దగ్గర లేనట్టు. ఎస్తెబెస్ అలక మీదున్నాడు. పద్దెనిమిది రోజులు ఒక్క గుర్తూ పడలేదు. గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు, గుర్రాల వీడియోలు తప్ప ఇంకేం లేవు. సెప్టెంబరు మూడో శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఎస్తెబెస్ పేరు పక్కన గుర్తు పడింది. అంతే, ఐదూ నలభై అయ్యేసరికి ఇంకో ఇరవై తొమ్మిది గుర్తులు పడ్డాయి. మాస్కో నుంచి, బిష్కెక్ నుంచి, నారిన్ నుంచి, ట్రాక్టర్ మీద కూర్చుని ఒకడు, పెళ్ళిలో బల్ల కింద ఫోన్ పెట్టుకుని ఒకామె.

బ్యాంకు యంత్రానికి కనిపించింది ఇది: నెలకు తొమ్మిది వేలు వచ్చే ఒక తుడిచేమనిషి కార్డులోకి, రెండు దేశాల నుంచి, నలభై నిమిషాల్లో, అచ్చంగా పది వేల చొప్పున ముప్ఫై మంది డబ్బు. కార్డు మూసుకుంది. జీతంతో సహా.

సోమవారం ఊల్కన్ సెలవు పెట్టి, షేర్ టాక్సీలో అరవై కిలోమీటర్లు నారిన్‌కు వెళ్ళింది. బ్యాంకులో టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చుంది. ఎదురు గోడ మీద పోస్టర్లో ఒక కుటుంబం ఏదో అప్పు తీసుకుని తెగ నవ్వుతోంది. అద్దం అవతల ఉన్న అమ్మాయి పేరు ఐజిరెక్. పాతికేళ్ళు దాటి ఉండవు, మర్యాదస్తురాలు.

"మీ ఖాతా ఆగిందక్కా. పైనుంచి."

"పైనుంచంటే? మేడ మీద నుంచా?"

"కాదక్కా, బిష్కెక్ నుంచి. మీ వ్యాపారమేంటో రాయమంటున్నారు."

"నేల తుడుస్తా."

"అది కాదక్కా, ఈ డబ్బు దేనికి సంబంధించిందో..."

"దొడ్డికి."

ఆ అమ్మాయి వేళ్ళు మీటల మీద ఆగాయి. కాసేపాలోచించి ఏదో గౌరవమైన మాట కొట్టింది. బడి నుంచి ముద్ర వేసిన ఉత్తరం తెమ్మంది, ఫలానా పనికి ఫలానా మనిషి డబ్బు పోగుచేస్తోందని.

ఊల్కన్ సాయంత్రానికి తిరిగొచ్చి నేరుగా హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళింది. కలీమా మేడమ్ ముద్ర ఉన్న సొరుగు మీద చెయ్యి ఆనించి, తియ్యకుండా కూర్చుంది.

"నేను సంతకం పెడితే ఏమవుతుందో తెలుసా ఊల్కన్? బడి పేరు మీద చందా వసూలు చేయించినట్టు. రూలు తెలుసుగా. పొరుగూరి హెడ్మాస్టర్ని కిటికీ తెరల డబ్బుకే పీకేశారు."

"మరి ప్రభుత్వం ఇవ్వదు, మనం పోగెయ్యకూడదు. పిల్లలు ఎక్కడికెళ్ళాలి మేడమ్?"

"2027కి వెళ్ళాలి," అంది కలీమా మేడమ్. నవ్వబోయి, నవ్వలేకపోయింది. ఆమె పిరికిది కాదు. పెన్షన్‌కు రెండేళ్ళుంది, ఇంట్లో కదల్లేని భర్త ఉన్నాడు.

రెండోసారి వెళ్ళినప్పుడు ఊల్కన్ గ్రూపులో మాటలన్నీ కాగితాల మీద అచ్చు తీయించుకుని పట్టుకెళ్ళింది. ఇరవై రెండు పేజీలు, గుర్రాల వీడియోల బొమ్మలతో సహా. ఐజిరెక్ అన్నీ ఓపిగ్గా స్కాన్ చేసి పైకి పంపింది. నాలుగు రోజులకి జవాబొచ్చింది: డబ్బు పంపిన ముప్ఫై మందీ విడివిడిగా, నోటరీ చేయించిన కాగితాలు ఇవ్వాలి. మాస్కోలో నోటరీ ఖర్చు పంపిన పది వేలలో సగం. బ్యాంకు ఫోన్ నంబరుకి చేస్తే పాట వినిపించింది. ముప్ఫై ఐదు నిమిషాలు విన్నాక ఆమె ఫోన్లో డబ్బులైపోయాయి. అవి వేసుకుందామంటే కార్డు మూసి ఉంది.

ఇంటికొస్తే భర్త ఒరోజ్ గొర్రెల దొడ్డి దగ్గర కూర్చుని ఉన్నాడు. "నేనప్పుడే అనుకున్నా..." అని మొదలుపెట్టాడు.

"అనుకున్నవాడివి అప్పుడే అనాల్సింది. ఇప్పుడు అన్నావంటే గొర్రెలతో పడుకోవాల్సొస్తుంది."

"సరే, గొర్రెలు వెచ్చగానే ఉంటాయి," అన్నాడు ఒరోజ్. తర్వాత బజారు ఖర్చుకి ఒక గొర్రెపిల్లని అమ్మి వచ్చాడు.

జీపర్ ఫోన్ వచ్చింది ఆ వారమే.

ఆ మర్నాడు ఊల్కన్ మూడోసారి నారిన్‌కు వెళ్ళింది. టాక్సీలో కిటికీ వైపు కూర్చుని దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంది, అరవకూడదని. టోకెన్ తీసుకుంది. కొండల మీద మంచు అప్పటికే సగం దాకా దిగింది. అక్టోబరు పదో తారీకు.

ఐజిరెక్ ఆమెను చూడగానే మొహం చిన్నది చేసుకుంది. "అక్కా, నోటరీ కాగితాలు తెచ్చారా?"

"తేలేదు. తేను. ఒక మాట అడుగుతా, నువ్వు నా కూతురి వయసుదానివి, ఉన్నదున్నట్టు చెప్పు. నాకు ఇవ్వడం కుదరదని ఇన్నాళ్ళూ చెప్పావు. బాగుంది. ఇవ్వకుండా ఈ డబ్బుతో మీరు ఏం చెయ్యగలరు? ఆ లిస్టేదో చెప్పు."

ఐజిరెక్ తెర వంక చూసింది. ఏదో తెరిచింది, కిందికి జరిపింది, మళ్ళీ పైకి జరిపింది.

"పంపినవాళ్ళకి వెనక్కి పంపెయ్యొచ్చక్కా."

"దానికేం కాగితాలు కావాలి?"

"ఏం అక్కర్లేదు. మీ సంతకం ఒకటి."

"ఒకటే?"

"ఒకటే."

"నోటరీ?"

"వద్దక్కా. వెనక్కి పోయే డబ్బు కదా, దాన్ని ఎవరూ అడగరు."

"మరి ఈ మాట మొదటిరోజే చెప్పి చావొచ్చుగా తల్లీ!"

"మీరు అడగలేదక్కా," అంది ఐజిరెక్. తర్వాత గొంతు తగ్గించి, "నాక్కూడా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే చూశా," అంది. చెవులు ఎర్రబడ్డాయి.

ఊల్కన్ సంతకం పెట్టింది. మూడు లక్షలూ కొండ మీంచి దొర్లిన రాళ్ళలాగా ముప్ఫై దిక్కులకు వెళ్ళిపోయాయి. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి ఎండ మొహాన పడనిచ్చింది. మూడు వారాల తర్వాత మొదటిసారి ఆకలేసింది. పక్క కొట్లో రెండు మాంసం సమోసాలు కొనుక్కుని నిలబడే తినేసింది. మరుగుదొడ్డి మాట దేవుడెరుగు, డబ్బు మాత్రం ఇక తన దగ్గర లేదు.

వారంలో అందరి డబ్బూ తిరిగి చేరింది. ఖాతా తెరుచుకుంది, జీతమూ వచ్చింది. వెనక్కి పంపిన ఒక్కోదానికి యాభై సోముల చొప్పున, బ్యాంకు తన కష్టానికి పదిహేను వందలు అందులోంచి కోసుకుంది.

గ్రూపు మళ్ళీ నోరు తెరిచింది. ఈసారి నగదుగా పోగేద్దాం, ఎవరైనా ఊరికి వెళ్ళేవాళ్ళ చేత పంపిద్దాం, ఊల్కన్ చేతికే ఇద్దాం అని. ఎస్తెబెస్ కూడా వాయిస్ మెసేజ్ పెట్టాడు: "ఊల్కన్, అనుమానించానని అనుకోకు. ఏమీ అనలేదు నేను."

ఊల్కన్ టైపు చెయ్యలేదు. నొక్కిపట్టి మాట్లాడింది, వెనక బక్కెట్ చప్పుడుతో సహా.

"వినండి. ఇక నా చేతికి ఒక్క సోము వద్దు. మీది కాదు, దేవుడిదైనా వద్దు. షర్షెన్ దగ్గర సామాన్ల లిస్టు ఉంది, ముప్ఫై ఒక్క భాగాలుగా విడగొట్టా. ఎవరి పేరుకి ఏదొస్తే అది కొనండి. కొని మినీబస్సు డ్రైవర్ చేతికివ్వండి, మీ అమ్మకి మందులు పంపినట్టు. సామాను నేను తినలేను. పళ్ళు లేవు."

కలీమా మేడమ్ ఈ మాట విని కుర్చీలో వెనక్కి వాలింది. డబ్బు తీసుకుంటే నేరం, వస్తువు తీసుకుంటే బహుమతి. బహుమతికి ఒక పేజీ కాగితం రాసి ముద్ర కొట్టడానికి ఏ రూలూ అడ్డు లేదు. ఆ సాయంత్రం సొరుగు తెరుచుకుంది.

జాబితా గ్రూపులో పడిన గంటకే తగువు మొదలైంది, ఈసారి ఇంకో రకం తగువు.

"నాకు రెండు బస్తాల సిమెంటేనా? ఆరు వందలు అవుతాయి. నేనేం ముష్టివాడినా?" అన్నాడు ట్రాక్టర్ మీద డబ్బు పంపినవాడు.

"నా పేరుకి కమోడ్ వచ్చింది. నా తోడికోడలు చూస్తే ఏమనుకుంటుంది?" అంది పెళ్ళిలో డబ్బు పంపినామె.

"వాడిది ఐదు వేల కమోడ్ అయితే నాది ఎనిమిది వేలది," అన్నాడు ఇంకొకడు.

ఊల్కన్ ఎంత మొత్తుకున్నా వినలేదు. తక్కువ వచ్చినవాళ్ళు దానికి ఇంకేదో కలిపారు, ఎక్కువ వచ్చినవాళ్ళు ఇంకా మంచిది వెతికారు. మాస్కోలో ఉన్నవాళ్ళు బిష్కెక్‌లో కొనాలంటే తెలిసిన దుకాణం ఒకటే. ఎస్తెబెస్ ఫోన్ రోజంతా మోగింది.

రెండో రోజు ఊల్కన్ వాడికి ఫోన్ చేసింది. "ఏరా, ఎంత లాభం మిగిలింది?"

"ఛ, ఛ, కొన్న ధరకే ఇస్తున్నా."

"నువ్వు కొన్న ధరా, వాళ్ళు కొన్న ధరా?"

"టైల్స్ మీద కొంచెం మిగిలింది," ఒప్పుకున్నాడు. "కొంచెమే."

"అయితే వరలు నీ లారీలో పంపు. మినీబస్సులో పట్టవు."

"పది వరలు! డీజిలు ఎంతవుతుందో తెలుసా?"

"టైల్స్‌ని అడుగు."

లారీ అక్టోబరు ఇరవై మూడున వచ్చింది. ఎస్తెబెస్ స్వయంగా నడుపుకుంటూ వచ్చాడు. మిగతా సామాను అప్పటికే రోజూ సాయంత్రం మినీబస్సు డిక్కీలో దిగుతోంది. చుట్టలు చుట్టిన గొట్టాలు, వాష్‌బేసిన్లు, తలుపు గొళ్ళాలు, గులాబీరంగు టైల్స్, ఆకుపచ్చ టైల్స్. ఒక కమోడ్‌ను డ్రైవర్ ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టి తెచ్చాడు, వెనక చోటు లేక. దాని పక్కన కూర్చున్న ముసలమ్మ దారంతా దానికి దూరంగా ముడుచుకుని కూర్చుందట. నాలుగు గదులకి నాలుగు కమోడ్లు కావాలి, ఏడొచ్చాయి. ఏ రెండూ ఒకలాంటివి కావు. ఒకదానికి బంగారు అంచు.

ఇరవై ఆరో తారీకు శనివారం ఊళ్ళో అషర్ పెట్టారు. కూలి లేకుండా అందరూ కలిసి చేసే పనిని ఇక్కడ అలా అంటారు. అషర్ అంటే రానని అనడం కష్టం, పక్కింటివాళ్ళు చూస్తుంటారు. పొద్దున ఎనిమిదింటికి నలభై మంది వచ్చారు. నేల పైన రెండంగుళాలు అప్పటికే బిగుసుకుంది, గునపం మొదటి దెబ్బకి గంటలా మోగింది. కింద మాత్రం మెత్తగానే ఉంది. ఆదివారం మధ్యాహ్నానికి గొయ్యి మూడున్నర మీటర్లు దిగింది. వరలు దించుతుంటే ఎస్తెబెస్ కోటు విప్పి తాడు పట్టుకున్నాడు.

"ఆర్చ్ కన్నా లోతే," అన్నాడు రొప్పుతూ.

"బంగారు అంకెలు అడుగున రాయించనా?" అంది ఊల్కన్, కడాయిలో మాంసం పలావు కలుపుతూ.

నవంబరు రెండున మొదటి మంచు పడింది. అప్పటికి గొయ్యి మూసి ఉంది, గొట్టాలు లోపలికొచ్చి ఉన్నాయి. మిగతా పనంతా నాలుగు గోడల మధ్య పని. షర్షెన్ పదిహేను రోజులు పొద్దున్నుంచి చీకటి పడేదాకా చేశాడు. గులాబీ టైల్స్ అబ్బాయిల వైపు, ఆకుపచ్చవి అమ్మాయిల వైపు వేశాడు, అవే సరిపోయాయి కనక. తలుపులు ఒరోజ్ చేశాడు, ఊల్కన్ వంతు కింద. మిగిలిన మూడు కమోడ్లలో ఒకటి ఊరి నర్సు గదికి వెళ్ళింది, ఒకటి గ్రామ కౌన్సిల్‌కి. బంగారు అంచుది ఎవరికివ్వాలో తేలక టీచర్ల గదిలో బట్ట కప్పి ఉంచారు.

జీపర్ వంతుకి వచ్చింది రెండు వాష్‌బేసిన్లు. ఆమె తమ్ముడి చేత వాటితో పాటు ఎనభై లీటర్ల గీజర్ పంపింది. అట్టపెట్టె మీద ఊల్కన్ పేరు తప్ప ఏమీ రాయలేదు. ఊల్కన్ ఫోన్ చేసింది.

"గీజర్ లిస్టులో లేదే."

"తెలుసు."

"ఎంతయింది?"

"నీకెందుకు? నువ్వేమైనా తింటావా?" అంది జీపర్. అని, అవతల ఏడ్చింది. ఊల్కన్ కొంతసేపు విని, "సరే ఆపు, గీజర్లోకి నీళ్ళు షర్షెన్ పడతాడు, నువ్వు నింపక్కర్లేదు," అంది. ఆ తర్వాత ఇద్దరూ పెళ్ళిళ్ళ సంగతులు, ధరల సంగతులు మాట్లాడుకున్నారు.

నవంబరు పద్దెనిమిదిన తలుపులు తెరిచారు. రిబ్బను కట్టలేదు. ఉపన్యాసం ఇస్తానని వచ్చిన గ్రామ కౌన్సిల్ పెద్దని కలీమా మేడమ్ టీచర్ల గదిలో టీ ఇచ్చి కూర్చోబెట్టింది. మొదటి రెండు రోజులు పిల్లలు క్లాసులు మానేసి చేతులు కడుక్కోవడానికే వెళ్ళారు, వేడినీళ్ళు వస్తున్నాయని. మూడో రోజు గొడవ సద్దుమణిగింది. ఆ వారం చివర్న తొమ్మిదో క్లాసు ఆడపిల్లలు మధ్యాహ్నం రెండో కప్పు టీ అడిగారు. వంటమ్మాయి విసుక్కుంది, టీ పొడి చాలడం లేదని. ఊల్కన్ ఆ విసుగుని వరండా చివర్నుంచి విని, కళ్ళు మూసుకుని, వేడి గొట్టానికి వీపు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే నిలబడింది. ఆమెను అలా పని లేకుండా నిలబడగా చూసినవాళ్ళు బడిలో లేరు.

జిల్లా ఆఫీసు నుంచి డిసెంబరులో ఒకాయన వచ్చి ఫోటోలు తీసుకున్నాడు. ఆ ఏడాది పూర్తయిన పనుల్లో దీన్ని చేర్చుకుంటామన్నాడు. చేర్చుకోండి, 2027కి మాకు వ్యాయామ గది రాసుకోండి అంది కలీమా మేడమ్. ఆయన రాసుకున్నాడో లేదో తెలియదు.

వస్తువుల జాబితాలో పట్టని పద్దు ఒకటే మిగిలింది, షర్షెన్ కూలి. గొట్టాన్ని బస్సులో పంపొచ్చు గానీ పదిహేను రోజుల పనిని పంపలేరు. ముప్ఫై రెండు వేలకి మాట్లాడుకున్నారు. ఒరోజ్ తొమ్మిది వేలు విలువ చేసే పొట్టేలు ఇచ్చాడు, ఎస్తెబెస్ టైల్స్ మీద మిగిలిన ఐదు వేలు బల్ల మీద పెట్టాడు. మిగతాది వచ్చే ఆగస్టులో 1995 బ్యాచ్ కడుతుందని అనుకున్నారు. 1995 బ్యాచ్ గ్రూపులో జాబితా పెట్టారు, ముందు ఎవరు గుర్తు పెట్టాలో ఇంకా తేలలేదు. షర్షెన్‌కు పద్దెనిమిది వేల సోములు బాకీ ఉంది.